అమ్మమ్మ పెంచిన పిల్లలు శిశుగృహలో ఉంటే, కోర్టుకి పరిగెత్తే ముందు

ఒక అంగన్‌వాడీ టీచర్ అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "మాది తెలంగాణ ఏజెన్సీలో ఒక కోయగూడెం. ఇక్కడ ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు. పాపకి ఏడేళ్ళు, బాబుకి ఏడాదిన్నర. తల్లి ఎనిమిది నెలల క్రితం జ్వరంతో పోయింది. తండ్రి మిర్చి కోతలకని వెళ్ళి మళ్ళీ రాలేదు, వేరే పెళ్ళి చేసుకున్నాడని అంటున్నారు. పిల్లలు పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ, తాతల దగ్గరే ఉన్నారు. మూడు వారాల క్రితం ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళి పాపని బాలసదనంలో, బాబుని శిశుగృహలో (పసిపిల్లల్ని ఉంచే హోం) పెట్టారు. అమ్మమ్మ వెళ్తే 'గార్డియన్‌షిప్ ఆర్డర్ తెచ్చుకో' అన్నారట. లాయర్ పాతిక వేలు అడుగుతున్నాడు. ఏం చేయాలి?"

టీచర్ గారూ,

ఆ పాతిక వేల కోసం మేకల్ని అమ్మొద్దని ముందు అమ్మమ్మకి చెప్పండి. లాయర్ మోసం చేస్తున్నాడని కాదు, ఆయన చెప్పే కోర్టు కేసు నిజంగానే ఉంది. కానీ ఇప్పుడు మీకు కావాల్సింది అది కాదు. ఇల్లు అంటుకుంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళినట్టు ఉంటుంది.

నా గురించి రెండు ముక్కలు. పద్నాలుగేళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌గా, తర్వాత మూడేళ్ళు ఒక ఏజెన్సీ జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ సభ్యురాలిగా పనిచేశాను. అందరూ సీడబ్ల్యూసీ అనేది ఆ కమిటీనే. అంటే మీ అమ్మమ్మ ఇప్పుడు ఏ టేబుల్ ముందు నిలబడిందో, ఆ టేబుల్‌కి రెండో వైపున కూర్చున్నదాన్ని.

ముందు ఒక సంగతి కనుక్కోండి. "ఆర్డర్ తెచ్చుకో" అన్నది ఎవరు? కమిటీ సభ్యులా, ఆఫీసు స్టాఫా, హోం గేటు దగ్గర ఉన్నవాళ్ళా? నా అనుభవంలో ఆ మాట ఎక్కువగా గేటు దగ్గరే వినిపిస్తుంది. గేటు దగ్గర అన్న మాటకి చట్టంలో విలువ లేదు.

పిల్లల్ని కమిటీ ముందు హాజరుపరిచారు కాబట్టి ఇప్పుడు నిర్ణయం కమిటీదే. ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్‌కి ఉండే అధికారాలు ఆ బెంచికి ఉంటాయి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో 'గార్డియన్' అన్న మాటకి అర్థం సెక్షన్ 2(31)లో ఉంది. సహజ సంరక్షకులు ఒకరు. వాళ్ళు కాకపోతే, బిడ్డ బాధ్యత వాస్తవంగా ఎవరి చేతుల్లో ఉందని కమిటీ భావిస్తుందో, విచారణలో ఎవరిని సంరక్షకులుగా గుర్తిస్తుందో వాళ్ళు. కోర్టు కాగితం ఉన్నవాళ్ళే గార్డియన్ అని అక్కడ ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా బిడ్డకి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, జ్వరమొస్తే భుజాన వేసుకుని పీహెచ్‌సీకి నడిచిన మనిషిని కమిటీ తనంతట తానే గార్డియన్‌గా రాయొచ్చు. రాశాక సెక్షన్ 37 కింద పిల్లల్ని ఆమెకి అప్పగించొచ్చు. దీనికి కోర్టు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. మీరు చేయాల్సిందల్లా, కమిటీ ఆ మాట రాయడానికి కావాల్సినవన్నీ ఫైల్లోకి ఎక్కించడం.

ఇక తొందర ఎందుకో చెప్తాను. పాప విషయంలో నాకు అంత టెన్షన్ లేదు. ఏడేళ్ళది, నోరుంది, తన మాట తను చెప్పగలదు. నా భయం బాబు గురించి. అనాథ అనో, వదిలేసిన బిడ్డ అనో ఫైల్లో రాస్తే, రెండేళ్ళ లోపు పిల్లల్ని కమిటీ ముందు హాజరుపరిచిన రోజు నుంచి రెండు నెలల్లో 'దత్తతకి చట్టపరంగా అర్హుడు' అని ప్రకటించాలని సెక్షన్ 38 చెప్తుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకి ఆ గడువు నాలుగు నెలలు. ప్రకటనకి ముందు కుటుంబాన్ని వెతకాలి, బిడ్డ ఫొటోతో పేపర్లో వేయాలి. వేస్తారు కూడా. మీ గూడేనికి ఏ పేపర్ వస్తుందో మీకు తెలుసు.

మీ బాబు అనాథ కాదు, వదిలేసిన బిడ్డా కాదు. తండ్రి బతికే ఉన్నాడు, పెంచిన అమ్మమ్మ కావాలంటోంది. చూసుకోవడానికి గార్డియన్ సిద్ధంగా ఉంటే, ఆ స్థోమత ఉంటే, చట్టం ఇచ్చిన అర్థంలో బిడ్డ అనాథ కిందకి రాడు. కానీ ఆమె కావాలంటున్నట్టు ఫైల్లో ఉందా? మూడు వారాలు అయిపోయాయి. మిగిలింది ఐదు వారాల పైచిలుకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఏ జిల్లా అన్నది చెప్పను. మా కమిటీ ముందుకి ఏడాది లోపు బాబు ఒకడు వచ్చాడు, తల్లి ఆసుపత్రిలో చనిపోయింది. ఫైల్లో 'బంధువులెవరూ రాలేదు' అని ఉంది. గడువు దగ్గర పడింది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతకాలు చేశాం. వాటిలో నాదొకటి. నాలుగు నెలల తర్వాత ఒక ముసలామె ఆఫీసుకి వచ్చింది. హోం గేటు దగ్గరికి అప్పట్లోనే రెండుసార్లు వచ్చానని చెప్పింది. మొదటిసారి ఆదివారమని పంపేశారు. రెండోసారి ఆధార్ లేదని పంపేశారు. ఏ రోజు వచ్చావమ్మా అంటే తేదీ చెప్పలేకపోయింది. "కొలుపులకి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి" అంది. గూడెంలో కొలుపులు ఎప్పుడు జరిగాయో వాకబు చేశాను. రెండూ మా ఆర్డర్‌కి ముందే. ఆమె రావడం నిజం, ఎవరూ రాయకపోవడమూ నిజం. అప్పటికి బాబు దత్తత పూర్తయింది. అందుకే నా దగ్గరికి ఎవరు వచ్చినా ముందు "ఎక్కడైనా రాసి ఇచ్చారా" అని అడుగుతాను.

కాబట్టి సోమవారం లోపు ఒక అర్జీ తయారు చేయండి. మీ చేతిరాతతో తెల్లకాగితం మీద రాసినా చాలు. ఇంచుమించు ఇలా:

"బాలల సంక్షేమ కమిటీ ఛైర్‌పర్సన్ గారికి, సభ్యులకు. నేను ఫలానా, ఫలానా గూడెం, కోయ తెగ. మీ సంరక్షణలో ఉన్న ఈ ఇద్దరు పిల్లలు (పేర్లు, వయసులు) నా కూతురి బిడ్డలు. నా కూతురు ఫలానా తేదీన చనిపోయింది. పిల్లలు పుట్టినప్పటి నుంచీ నా దగ్గర, నా భర్త దగ్గర పెరిగారు. చట్టం సెక్షన్ 2(31) ప్రకారం మమ్మల్ని సంరక్షకులుగా గుర్తించి, ఇద్దరినీ మాకు అప్పగించమని కోరుతున్నాం. బాబుని దత్తతకి ఇవ్వడానికి మాకు సమ్మతి లేదు. విచారణ పూర్తయ్యేదాకా మేం పిల్లల్ని చూడడానికి, అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకోవడానికి అనుమతి ఇవ్వండి. మాకు తెలుగు పూర్తిగా రాదు. విచారణలో కోయ భాష తెలిసినవారిని ఏర్పాటు చేయండి."

కింద ఇద్దరి వేలిముద్రలు వేయించండి. చదివి వినిపించి వేయించానని రాసి మీ సంతకం పెట్టండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయనంటే గొడవ పెట్టుకోకుండా పోస్టాఫీసుకి వెళ్ళి అదే కాగితాన్ని రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఇంకో కాపీ జిల్లా బాలల పరిరక్షణ అధికారికి. మరొకటి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి. చట్టం ప్రకారం కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినాల్సింది కలెక్టరే, కాబట్టి ఆ కాపీ ఊరికే పోదు.

'దత్తతకి సమ్మతి లేదు' అన్న వాక్యం మాత్రం మర్చిపోవద్దు. ఆ ముక్క ఫైల్లో ఉంటే ఏ సభ్యురాలైనా నాలాగా సంతకం చేసే ముందు ఆగుతుంది.

ఇప్పుడు రుజువులు. 'వాస్తవంగా బాధ్యత ఎవరిది' అన్నదే ప్రశ్న కాబట్టి, దానికి మీకన్నా మంచి సాక్షి జిల్లాలో లేరు. మీ సెంటర్ రిజిస్టర్‌లో బాబుని ఎవరు తీసుకొచ్చారో, బాలామృతం ప్యాకెట్లకి ఎవరు వేలిముద్ర వేశారో ఉంటుంది. బరువుల చార్టు ఉంటుంది. తల్లి పోయాక కూడా బాబు బరువు పడిపోకుండా ఉంటే ఆ ఒక్క గీత పది సిఫారసు ఉత్తరాల కన్నా బలం. సూపర్‌వైజర్‌తో అటెస్ట్ చేయించి జిరాక్స్ తీయండి. ఏఎన్ఎం దగ్గర తల్లీబిడ్డ కార్డులో టీకాల తేదీలు, బడిలో అడ్మిషన్ రిజిస్టర్‌లో పాప గార్డియన్‌గా ఎవరి పేరు ఉందో, రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే కంగారు లేదు. ఏజెన్సీలో సగం ఇళ్ళ కాగితాలు అలాగే ఉంటాయని కమిటీకీ తెలుసు. తెలియకపోతే మీరు చెప్పండి.

తల్లి మరణ ధ్రువీకరణ తీశారా? గూడెంలో ఇంట్లోనే పోయి ఉంటే చాలావరకు రిజిస్టర్ అయి ఉండదు. ఎనిమిది నెలలే కాబట్టి ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి ద్వారా, పై అధికారి అనుమతితో ఆలస్యపు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఆర్డర్ అంటారు, అప్పుడు తిప్పలు. ఈ నెలలోనే మొదలుపెట్టించండి.

గూడెం పెద్దల్ని కూర్చోబెట్టి గ్రామసభ తీర్మానం చేయించడం మంచిది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి తమ ఆచారాల్ని, తగవు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. ఆ తీర్మానానికి సీడబ్ల్యూసీ కట్టుబడాలని లేదు. కానీ 'ఈ పిల్లలు ఈ ఇంట్లోనే పెరిగారు, ముసలివాళ్ళకి ఏమైనా అయితే ఫలానా మేనమామ చూసుకుంటాడు' అని ముప్పై వేలిముద్రలతో వస్తే పక్కన పెట్టడం ఎవరికీ అంత తేలిక కాదు.

ఇక సామాజిక విచారణ. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ (డీసీపీయూ) నుంచి సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి చూసి రిపోర్టు రాయాలి. దీన్ని పదిహేను రోజుల్లో పూర్తి చేయాలని, మొత్తం వ్యవహారం నాలుగు నెలల్లో తేల్చాలని చట్టం. మీ కేసులో మూడు వారాలైనా ఎవరూ రాలేదంటే అదే విషయాన్ని అర్జీలో ఒక వాక్యంగా రాయండి. వస్తున్నారని తెలిస్తే ఆ రోజు అమ్మమ్మని పోడుకి వెళ్ళొద్దని చెప్పండి. 'ఇంటికి తాళం' అని రాసుకెళ్ళిన రిపోర్టులు నేను చాలా చూశాను. తాళం వేసే అలవాటు లేని గూడేల నుంచి కూడా!

అక్కడ వచ్చే మొదటి ప్రశ్న ఆదాయం. కొండరెడ్డి తెగకి చెందిన ఒక తాత మా ముందుకి వచ్చిన రోజు గుర్తొస్తోంది. పాలిథిన్ కవర్లో జాబ్ కార్డు, మనవరాలి విరిగిన పలక, రెండు మందుల చీటీలు పెట్టుకుని వచ్చాడు. మా ఛైర్‌పర్సన్ "నెలకి ఎంత ఆదాయం?" అంటే "లేదు బాబూ" అన్నాడు. ఫైల్లో 'నిల్' అని పడబోతోంది. నేను ఆగమని, "తాతా, చింతపండు ఎన్ని చెట్లది కొడతావ్?" అని అడిగాను. అంతే, తొణక్కుండా చెప్పుకొచ్చాడు. పదకొండు చెట్లు, రెండెకరాల పోడు, అందులో జొన్న, కంది, ఏడు మేకలు, తునికాకు సీజన్లో రోజుకి ఎన్ని కట్టలు, చీపుర్లు గిరిజన సహకార సంస్థకి ఎంతకి వేశాడు, అన్నీ. ఆ ముసలాయన లేడంటున్నది జీతం, తిండి కాదు. మీరు ఆ లెక్క ముందే కాగితం మీద రాసి పెట్టండి. పోడు ఎంత, ఏ పంట, మేకలు ఎన్ని, తునికాకు డబ్బులు, ఉపాధి హామీ పనిదినాలు, తాతకి పింఛను వస్తుంటే ఆ ₹2,016. ఇల్లు పూరిల్లయితే పూరిల్లనే రాయండి. పేదరికం ఒక్కటే బిడ్డని కుటుంబం నుంచి వేరు చేయడానికి కారణం కాకూడదని ఐక్యరాజ్య సమితి 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన చట్టం కూడా హోంలో పెట్టడాన్ని చివరి మార్గంగా చూడమంటుంది. దోమతెర ఉందా, తాగే నీళ్ళు ఎక్కడివి, రాత్రి పిల్లలు ఎవరి పక్కన పడుకుంటారు, ఇలాంటివి అడుగుతారు. వాటికి సమాధానం ఉంటే చాలు.

రెండో ప్రశ్న వయసు. గార్డియన్‌గా ఉండడానికి పై వయసు పరిమితి ఏదీ చట్టంలో లేదు. ఉన్నది "మీకేమైనా అయితే ఎవరు?" అన్న ప్రశ్న, అది న్యాయమైనదే. కాబట్టి మేనమామో, చిన్నమ్మో ఒకరు వెంట వచ్చి కమిటీ ముందు నోటితో చెప్పాలి.

మూడోది సారా. అడుగుతారు, తప్పక అడుగుతారు. మా గూడెంలో ఎవరూ తాగరు అని చెప్పించొద్దు, ఆ మాట ఎవరూ నమ్మరు, ఆ తర్వాత చెప్పే నిజాలూ నమ్మరు. పండక్కి పబ్బానికి తాగుతారు, పిల్లల్ని చూసుకునే మనిషి రోజూ తాగదు, అది నిజమైతే అలాగే చెప్పమనండి. నిజం కాకపోతే, టీచర్ గారూ, మీరు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. 1098కి ఫోన్ చేసినవాళ్ళు ఏం చూసి చేశారో కనుక్కోండి. పగబట్టి చేసినవాళ్ళూ ఉంటారు, పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే చూడలేక చేసినవాళ్ళూ ఉంటారు.

పాపని కమిటీ అడుగుతుంది. అడగకపోతే అడగమని కోరండి, బిడ్డ మాట వినడం చట్టంలోనే ఉంది. కానీ ముందే ఏం చెప్పాలో నేర్పించొద్దు. ఒకసారి ఎనిమిదేళ్ళ పిల్ల "నేను అమ్మమ్మ దగ్గరే ఉంటాను సార్" అని రైమ్ చెప్పినట్టు చెప్పింది. ఎదురుగా అందరూ ఆడవాళ్ళమే! అనుమానంగా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత నేను "మీ మేకల్లో నీకు ఏది ఇష్టం?" అన్నాను. ఇక ఆగలేదు. దాని చెవి ఎందుకు తెగిందో, దాన్ని అమ్మబోతే తను ఎలా ఏడ్చిందో, అమ్మమ్మ బేరం ఎలా వదిలేసిందో పావుగంట చెప్పింది. ఆ పావుగంటే ఆ కేసు.

తండ్రి సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు, కమిటీ అలా తేల్చలేదు. ఆయన సహజ సంరక్షకుడు, బతికి ఉన్నాడు. ఎక్కడున్నాడో తెలిస్తే, 'పిల్లలు అత్తమామల దగ్గర పెరగడానికి అభ్యంతరం లేదు' అని కాగితం రాయించుకురావడం అన్నిటికన్నా దగ్గర దారి. లేదా కమిటీ ముందుకి వచ్చి చెప్పినా సరే. దొరక్కపోతే చివరిగా ఎప్పుడు చూశారు, ఎవరు వెతికారు, ఫోన్ ఎప్పటి నుంచి పనిచేయడం లేదు అన్నవి రాసివ్వండి. ఒక ప్రమాదం మాత్రం చూసుకోవాలి. తండ్రిని ఎవరైనా పట్టుకుని 'బాబుని సరెండర్ చేస్తున్నాను' అని సంతకం పెట్టించొచ్చు. అలా పెట్టినా మనసు మార్చుకోవడానికి చట్టం అరవై రోజులు ఇస్తుంది. ఆ రోజుల్లోనే ఆయనతో మాట్లాడాలి, మీ అభ్యంతరం మళ్ళీ కాగితం మీద పెట్టాలి.

నాన్నమ్మ వాళ్ళ వైపు నుంచి కూడా ఎవరైనా రావొచ్చు. కోయల్లో పిల్లలు తండ్రి గట్టుకే (వంశానికే) చెందుతారు కాబట్టి 'మా గట్టు బిడ్డలు, మాకే ఇవ్వాలి' అనడం వింతేం కాదు. కమిటీ గట్టు చూసి తీర్పు చెప్పదు, ఎవరి దగ్గర పిల్లలకి మేలో చూస్తుంది. అయినా రెండు వైపులా కమిటీ ముందు కొట్టుకుంటే ఎక్కువసార్లు జరిగేది ఒకటే, తేలేదాకా పిల్లలు హోంలో ఉంటారు. గూడెంలోనే పెద్దల ముందు మాట్లాడుకుని, పెళ్ళికీ పండగకీ పిల్లలు అటు వెళ్ళేలా ఒప్పుకుని, ఒకే మాటతో రండి.

మరి కోర్టు గార్డియన్‌షిప్ అక్కర్లేదా అంటే, తర్వాత కావచ్చు. తల్లి పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉండి, వయసు 59 లోపు ఉంటే రైతుబీమా ₹5 లక్షలు వచ్చి ఉండాలి. నామినీ ఎవరు? తండ్రి పేరున పోడు పట్టా ఉంటే, అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం అది ఆయన తర్వాత వారసులకి వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. పిల్లల పేరున డబ్బు, భూమి ఉండి వాటి మీద తగవు వస్తే అప్పుడు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద కోర్టుకి వెళ్ళాలి. అక్కడ జడ్జి దగ్గరి బంధుత్వం, పెంచేవారి నడత, పోయిన తల్లి కోరిక, బిడ్డకి తెలివి వచ్చి ఉంటే బిడ్డ ఇష్టం చూస్తారు. ఒక మెలిక ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సివిల్ వ్యవహారాలకి వేరే నియమాలు ఉండొచ్చు, ఏ కోర్టుకి వెళ్ళాలో ముందే తేల్చుకోకపోతే కేసు తిరిగి రావచ్చు. లాయర్ ఈ సంగతి ఎత్తాడా? ఎత్తకపోతే ఆయనకి ఏజెన్సీ కేసుల అలవాటు లేదన్నమాట. అసలు ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పాతిక వేలు ఎందుకు?

స్టాంపు పేపర్ మీద దత్తత రాయించుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళు కూడా దొరుకుతారు. హిందూ దత్తత చట్టం, హిందూ మైనారిటీ గార్డియన్‌షిప్ చట్టం రెండూ ఎస్టీలకి వర్తించవు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. నోటరీ చేయించిన ఆ కాగితం కమిటీ ముందు తీస్తే మేలు జరక్కపోగా 'పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నారు' అన్న అనుమానం వస్తుంది. ఈ అనుమానానికి పాత కథ ఉంది. 1999లో, మళ్ళీ 2001లో ఉమ్మడి రాష్ట్రంలో లంబాడా ఆడపిల్లల్ని కొని విదేశీ దత్తతలకి పంపిన వ్యాపారం బయటపడింది. దేవరకొండ వైపు తండాల పేర్లు అప్పట్లో పేపర్లలో తరచూ కనిపించేవి. అమ్ముకున్నది దళారులు, దత్తత సంస్థలు. కానీ ఆఫీసుల్లో మిగిలిపోయిన అనుమానం మాత్రం తండా మీద, గూడెం మీద. మీ అమ్మమ్మని ఎవరైనా "మళ్ళీ ఎవరికైనా ఇచ్చేస్తావా" అని అడిగితే అది ఈ పాత కథ తాలూకు ప్రశ్న. కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పమనండి. కష్టమే.

అమెరికాలో ఇలాంటి అనుభవం తర్వాతే 1978లో ఒక చట్టం తెచ్చారు. అక్కడి ఆదివాసీ పిల్లల్ని కుటుంబం నుంచి తీయాల్సి వస్తే ముందు బంధువులకి, తర్వాత సొంత తెగవాళ్ళకి ఇవ్వాలి, తెగకి నోటీసు పంపాలి. 2023లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన దగ్గర తెగకి నోటీసు పంపాలన్న నియమం లేదు. అందుకే మన దగ్గర ఆ పని ఒక అంగన్‌వాడీ టీచర్ నెత్తిన పడుతోంది.

డబ్బు సంగతి. పిల్లలు ఇంటికి వచ్చాక మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో స్పాన్సర్‌షిప్‌కి పెట్టండి, ఒక్కో బిడ్డకి నెలకి ₹4,000. తల్లిదండ్రుల అండ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి ఇది ఉద్దేశించిందే. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి ₹72,000 దాటకూడదు. కమిటీ ఆర్డర్‌లోనే స్పాన్సర్‌షిప్‌కి సిఫారసు రాయమని అడగండి, విడిగా తిరగడం తప్పుతుంది. అయితే నెలనెలా ఫస్టుకి పడుతుందని లెక్క వేసుకోవద్దు, ఆగి ఆగి వస్తుంది. పాపని ఆశ్రమ పాఠశాలలో వేసే ఆలోచన ఉంటే, హాస్టల్లో ఉన్న బిడ్డకి ఈ సొమ్ము వస్తుందో రాదో డీసీపీయూలో ముందే తేల్చుకోండి. ఫాస్టర్ కేర్ అని ఎవరైనా అంటే, అది సొంత కుటుంబం కాని ఇంట్లో బిడ్డని పెట్టడం. అమ్మమ్మకి ఆ దారి కాదు.

కమిటీ కాదంటే? నోటి మాటతో వెనక్కి రావొద్దు. కాదన్న ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. ఆ తేదీ నుంచి ముప్పై రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు వేయొచ్చు. ఆ పని న్యాయ సేవాధికార సంస్థ లాయరే చేస్తారు. సాధారణంగా అంతదాకా రాదు. ఎక్కువసార్లు కమిటీ కొన్ని నెలల పర్యవేక్షణ షరతుతో ఇచ్చేస్తుంది. డీసీపీయూవాళ్ళు ఇంటికి వచ్చి చూసి వెళ్తుంటారు. వచ్చినప్పుడు పిల్లలు బడిలో, సెంటర్లో ఉంటే అంతకన్నా మంచి రిపోర్టు లేదు.

ఈలోగా అమ్మమ్మ వారానికోసారైనా వెళ్ళాలి. రెండు బస్సులు మారాలి, కూలి పోతుంది, తెలుసు. అయినా వెళ్ళాలి. ఏడాదిన్నర బిడ్డకి నెల రోజులు చాలా ఎక్కువ. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమెని చూసి మొహం తిప్పుకుంటే బెంగ పెట్టుకోవద్దని ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఇంట్లో వాడు కప్పుకునే పాత చీర ముక్క ఒకటి పట్టుకెళ్తే లోపల ఉంచనిస్తారేమో అడగండి, మా దగ్గర ఉంచనిచ్చేవాళ్ళం. వెళ్ళిన ప్రతిసారీ సందర్శకుల రిజిస్టర్ అడిగి ఆమె చేత వేలిముద్ర వేయించండి. పక్కన తేదీ, టైము మీరే రాయండి. రిజిస్టర్ ఇవ్వకపోతే ఆ సంగతి కూడా ఆ రోజే కాగితం మీద పెట్టి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి రండి.